చారలు కనిపిస్తే చాలు

ఆ సైటులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ పులే. పులి వచ్చిందా, పులి టీ తాగిందా, పులి కోపంగా ఉంది జాగ్రత్త, ఇదీ వరస. ఆమె ఒంటి మీద ఎప్పుడు చూసినా పసుపు మీద నల్లచారల కుర్తాయే మరి. ఉన్నది ఒకటే కుర్తా అనుకునేరు, కాదు. ఎండలకి పొట్టి చేతులది, చలికి నిండు చేతులది, కాలరున్నది, కాలరు లేనిది, జేబు కుడిపక్కన ఒకదానికి, ఎడమపక్కన ఒకదానికి, చారలు నిలువుగా ఒకదాని మీద, అడ్డంగా ఇంకోదాని మీద. అన్నీ వదిన మిషను మీద పుట్టినవే. మొదటిది ముచ్చటపడి కుట్టించుకుంది, ఆ మాట నిజం. మిగతావన్నీ అన్నయ్య కోసం.

అన్నయ్య క్రేన్ ఆపరేటరు. పొద్దున్నే నిచ్చెనెక్కి ఆ కొసన క్యాబిన్లో కూర్చున్నాడంటే మళ్ళీ సాయంత్రానికే నేల మీద కాలు పెట్టడం. కింద నిలబడి చేతులతో సైగలు చెయ్యడం చెల్లెలి పని. చెయ్యి పైకెత్తి వేలు గిరగిరా తిప్పితే బరువు పైకి లేవాలి. అరచెయ్యి కిందికి ఊపితే దిగాలి. రెండు చేతులూ బార్లా చాపితే ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. వాకీటాకీలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి కానీ అందులో సైటంతా ఒకేసారి మాట్లాడుతుంది. ఆ సంతగోలలో ఎవరి మాట ఎవరిదో తెలియక ప్రాణం మీదికి వస్తుందని, కొంప మునిగితే తప్ప దాన్ని ముట్టుకోరు. హెల్మెట్లు అందరివీ తెల్లవే. అంత ఎత్తునుంచి చూస్తే మనుషులంతా చీమలే కదా, అందులో చెల్లెలు చీమ ఏదో తెలియొద్దూ?

"నీ చారలు కనిపిస్తే చాలు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు అన్నయ్య ఒకరోజు, ఎదురుగా ఉన్న టీ గ్లాసు కోసం బల్ల తడుముతూ.

ఆ తడుముకోవడం ఆమె చూసింది. చూసి, నోరెత్తకుండా గ్లాసు జరిపి అతని చేతికి తగిలేలా పెట్టింది. ఆ వారంలోనే వదిన చేత ఇంకో రెండు చారల కుర్తాలు కుట్టించుకుంది. దూరం కాస్త మసకైతే ఏమైంది, రంగు కనిపిస్తోందిగా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మనిషి భయపడినప్పుడు ఎంత చక్కటి లాయరైపోతాడో చూడండి.

ఆ రోజు ఎండ మొహం మీద కొడుతోంది. ఇనుప కడ్డీల కట్టకి రెండు కొసలా గొలుసు బిగించి, ఒకసారి కాలితో తన్ని చూసి, ఆమె స్లాబు మీదికి ఎక్కి వేలు తిప్పింది. కట్ట నేలని వదిలి లేచింది. స్లాబు ఎత్తు దాటగానే రెండు చేతులూ చాపింది. ఆగింది. దించాల్సిన చోట సెంట్రింగు వాళ్ళిద్దరు చెక్క మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నారు. "లేవండయ్యా బాబూ, మీ నెత్తిన పెట్టమంటారా ఏంటి?" అని కేకేస్తూ ఆమె అటు తిరిగింది.

ముందు నీడ కదిలింది. తన పక్కనుంచి, స్లాబు మీద పరిచిన కడ్డీల మీదుగా, పొడుగాటి నీడ చప్పుడు లేకుండా జారుకుంటూ పోయింది. ఆమె ఒక్క క్షణం దాన్ని చూస్తూ నిలబడిపోయింది. తను సైగ చెయ్యలేదు. తను వీపు తిప్పి ఉంది. తలెత్తి చూసేసరికి కట్ట మూల వైపు దిగుతోంది. ఆ మూలలో కడ్డీలు కట్టే అమ్మాయి గొంతుక్కూర్చుని, వంచిన తల ఎత్తకుండా పని చేసుకుంటోంది.

"ఆపు! అన్నయ్యా, ఆపు! ఆపు!" నడుముకున్న వాకీటాకీ ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆమెకే తెలియదు.

కట్ట ఆగింది. ఆగి, ఆ అమ్మాయి నెత్తికి మూరెడు ఎత్తులో అటూ ఇటూ ఊగింది. ఆ అమ్మాయి కడ్డీల మీద బోర్లా పడిపోయి ఉంది. ఎవరో పరుగెత్తి కాళ్ళు పట్టి బయటికి లాగారు.

ఇంజనీరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని పైకి అరిచాడు. "ఏమయ్యా, ఎవరు దించమన్నారు?"

"పులి దించమంది సార్" అంది పైనుంచి గొంతు, ఏ తొణుకూ లేకుండా. "మూలకి దించమని చెయ్యి ఊపింది. చారలు చూసే దించాను."

అందరూ పులి వైపు చూశారు. తర్వాత ఎవరికో అనుమానం వచ్చి, అందరూ మూల వైపు చూశారు. ఆ అమ్మాయి లేచి కూర్చుని దుమ్ము దులుపుకుంటోంది. ఒంటి మీద కొత్త కుర్తా. పసుపు మీద నల్లచారలు.

"ఓరి నాయనో, రెండు పులులు!" అన్నాడు సెంట్రింగు వాడొకడు. ఎవరూ నవ్వలేదు.

"అక్కా, మీది నాకు ఎంత ఇష్టమో..." అంది ఆ అమ్మాయి, ఏడుపు దిగమింగుకుంటూ. "మీ వదినగారిని అడిగితే మిగిలిన గుడ్డలో కుట్టిచ్చారు. ఇవాళే వేసుకున్నా."

ఇంజనీరుకి లెక్క తేలిపోయింది. లెక్క తేలిన మనిషి మొహం ఎంత హాయిగా ఉంటుందో ఆయన మొహం అంత హాయిగా ఉంది. "చెయ్యి ఎత్తావు. చెమట తుడుచుకున్నావో, జుట్టు సర్దుకున్నావో, ఏదో చేశావు. పైవాడికి సైగలా కనిపించింది."

"లేదు సార్. ఒక చేతిలో ముడి తిప్పే కొక్కెం, ఒక చేతిలో తీగ. రెండూ పనిలోనే ఉన్నాయి. నేను ఎత్తలేదు."

"మరి గాలికి దిగిందా కట్ట?"

"నాకేం తెలుసు సార్? నేను ఎత్తలేదు."

"సేఫ్టీ ఆఫీసరు ఎల్లుండి వస్తాడు. అప్పటిదాకా ఇంటి దగ్గర కూర్చో. ఆయనే తేలుస్తాడు" అని, ఇటు తిరిగాడు. "నువ్వు చూశావా పులీ, ఈ అమ్మాయి చెయ్యి ఎత్తడం?"

"నేను అటు తిరిగి ఉన్నాను సార్" అంది. అందులో అబద్ధం ఏమీ లేదు. అయినా ఆ మాట నోట్లోంచి బయటికి వస్తుంటే చేదుగా ఉంది. ఎత్తే ఉంటుందిలే, భయపడి లేదంటోంది అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి అవసరం.

సాయంత్రం ఇంట్లో మిషను చప్పుడు లేదు. వదిన గోడకి ఆనుకుని కూర్చుంది. అన్నయ్య కంచం ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి అన్నంలో పెట్టలేదు.

"ఎవరికి పడితే వాళ్ళకి కుట్టిచ్చేస్తావా? ఆలోచన ఉండక్కర్లేదా?" అన్నాడు పెళ్ళాంతో.

"పాపం ముచ్చటపడింది, కుట్టాను. ఒక కుర్తా మీద క్రేన్ నడుస్తుందని నాకేం తెలుసు?" అంది వదిన.

అన్నయ్య అన్నం ముట్టకుండానే లేచాడు. గడప దగ్గర ఎవరో వదిలిన చెప్పుల జత మీద కాలు పడి తూలి, తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "ఇక్కడా విప్పేది చెప్పులు!" అని విసుక్కున్నాడు. ఆ చెప్పులు అతనివే.

గిన్నెలు కడుగుతూ వదిన గొంతు తగ్గించింది. "మీ అన్నయ్య గడ్డం గీసుకునేటప్పుడు ఈ మధ్య అద్దం దగ్గరికే పోవడం లేదు. వేళ్ళతో తడుముకుని గీసుకుంటున్నారు. చూశావా?"

"చూడలేదు వదినా" అంది ఆమె. చూసింది. చాలాసార్లు చూసింది.

వదిన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ గిన్నె తోమడంలో పడింది. "ఆ క్యాబిన్ లేకపోతే ఆయన మనిషి కాడు. అది నీకు తెలుసు, నాకు తెలుసు" అంది. ఆ తర్వాత ఇద్దరూ కూర బాగా కుదిరిందా లేదా అని మాట్లాడుకున్నారు.

గదిలోంచి అన్నయ్య గొంతు వినిపించింది. "రేపు అడ్డచారలది వేసుకో. అది ఇంకా బాగా కనిపిస్తుంది."

మర్నాడు అడ్డచారలదే వేసుకుంది. రోజంతా ఆమె కళ్ళు క్రేన్ కొక్కెం మీదనుంచి కదల్లేదు. ఎండకి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి చెయ్యెత్తితే అది సైగైపోతుందేమోనని. ప్రతి సైగా రెండుసార్లు చేసింది. బరువు దిగిన ప్రతిసారీ ఒక్క ఊపిరి పీల్చుకుంది. ఒక్క తప్పు జరగలేదు. ఆగమన్న చోట ఆగింది, దిగమన్న చోట దిగింది. చూశావా, చారలు కనిపిస్తున్నాయి, ఆ పిల్లే చెయ్యి ఎత్తింది అని గుండెకి చెప్పుకుంది. గుండె వినలేదు.

పని అయ్యాక ఆ అమ్మాయి ఉండే రేకుల గదికి వెళ్ళింది. వాకిట్లో బట్టలు ఆరేస్తూ కనిపించింది ఆ అమ్మాయి. చారల కుర్తా ఉతికి తీగ మీద తిరగేసి ఆరేసింది, దాన్ని చూడ్డానికి కూడా ఇష్టం లేనట్టు.

"రా అక్కా, కూర్చో" అంటూ బకెట్టు బోర్లించింది.

ఆమె కూర్చోలేదు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్క గుక్కలో చెప్పేసింది. "చూడమ్మా, రేపు ఆఫీసరు అడిగితే, పొరపాటున ఎత్తానేమో సార్, గుర్తులేదు, తప్పైపోయింది అను. ఒక్క మాట. తప్పు ఒప్పుకుంటే ఆయన మెత్తబడతాడు. మందలించి వదిలేస్తారు. నేను కూడా చెప్తాను నీ తరఫున. మొండికేస్తే మాత్రం పంపించేస్తారు."

ఆ అమ్మాయి బట్ట పిండుతూ పిండుతూ ఆగింది. "ఎత్తి ఉంటే ఎత్తానని అప్పుడే కాళ్ళమీద పడేదాన్ని అక్కా. ఎత్తని చెయ్యి ఎత్తానని ఎలా చెప్పను?"

"ఏదో ఆదమరుపున..."

"ముడి సగంలో ఉంది." ఆ అమ్మాయి రెండు చేతులూ ముందుకు చాపింది, అక్కడ కడ్డీలు ఉన్నట్టే. ఎడమచేతి వేళ్ళు తీగ కొసల్ని దగ్గరికి నొక్కి పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి. కుడి మణికట్టు కొక్కెం తిప్పుతున్నట్టు తిరిగింది. "ఇలా ఉన్నాను. ఇప్పుడు వదిలితే తీగ జారిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. నెత్తి మీద కాకి కూర్చున్నా వదలం. మీకు తెలుసుగా మా పని."

తెలుసు. రోజూ చూస్తూనే ఉంటుంది. ఆమె ఆ గాల్లో ఉన్న చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. చేతులు అబద్ధం చెప్తున్నట్టు లేవు. మరి ఈ పిల్ల చెయ్యి ఎత్తకపోతే, తను ఎత్తకపోతే, అన్నయ్య పైనుంచి చూసింది ఎవర్ని? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆమె వెనక్కి తిరిగింది.

"నీళ్ళైనా తాగలేదేంటక్కా!" అని వెనకనుంచి పిలుపు వినిపించింది.

దారిలోనే ఒక నిర్ణయానికి వచ్చింది. నోటితో చెప్పే ధైర్యం తనకి లేదు. తోడబుట్టినవాణ్ణి పట్టుకుని, పదిమందిలో, మా అన్నయ్యకి చూపు లేదు అని ఎలా అంటుంది? అనక్కర్లేకుండా చెయ్యాలి. చారలు లేకుండా వెళ్తుంది. తను ఎక్కడుందో అన్నయ్యకి కనబడదు. కనబడకపోతే బరువు ఎత్తడు, కొక్కెం కదలకుండా అలాగే వేలాడుతుంది. అందరికీ అదే అర్థమవుతుంది. అన్నయ్యకి కూడా అర్థమై తనంతట తనే దిగి వస్తాడు. పిరికివాళ్ళ ఉపాయమే, కాదనను.

పొద్దున్నే అన్నయ్య లేవకముందే, వదిన పాత కుర్తా ఒకటి తొడుక్కుని ఇల్లు వదిలింది. వెలిసిపోయిన బూడిదరంగుది, ఏ గీతా లేనిది. సైటులో వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టక ఆపాడు. "నేనేనయ్యా" అంటే అప్పుడు నవ్వాడు. "పులి ఒంటి మీద చారలేవీ? వానకి కారిపోయాయా?" టీ దగ్గర ఇంకొకడు "పులి కాదురా, పిల్లి" అన్నాడు. ఆమె టీ తాగలేదు. పారబోసింది.

కాసేపటికి అన్నయ్య నిచ్చెనెక్కడం దూరంనుంచి చూసింది. అతని కంట పడకుండా గోడ చాటున నిలబడింది. ఆ తర్వాత సేఫ్టీ ఆఫీసరు కారు వచ్చింది. ఆయనా, ఇంజనీరూ రేకుల పందిరి కింద నిలబడ్డారు. కడ్డీల అమ్మాయి వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

మొదటి బరువు చెక్కల కట్ట. అది తనే ఎంచుకుంది. దించే చోటు తనే ఖాళీ చేయించింది. అడ్డంగా తాడు కట్టి, సెంట్రింగు వాళ్ళని దాని అవతలికి తోలి, "నేను చెప్పేదాకా ఒక్కడు ఇటు రావడానికి వీల్లేదు" అంది. పిల్లి అన్నవాడు కూడా ఆమె మొహం చూసి మాట్లాడకుండా వెళ్ళాడు. గొలుసు బిగించి, కాలితో తన్ని చూసి, స్లాబు మీద రోజూ నిలబడే చోటికి ఎక్కి వచ్చి నిలబడింది. క్యాబిన్ అద్దం సరిగ్గా ఎదురుగా మెరుస్తోంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వేళ్ళు వేళ్ళలో బిగించింది.

ఎదురుచూసింది. ఇప్పుడు అన్నయ్య తన కోసం వెతుకుతూ ఉంటాడు. కళ్ళు చికిలించుకుంటూ ఉంటాడు. ఆ ఊహకే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గొలుసు బిగుసుకుంది.

చెక్కల కట్ట నేలని వదిలి లేచింది.

ఆమె గబుక్కున చుట్టూ చూసింది. ఎవరు చేశారు సైగ? ఎవరూ లేరు. సెంట్రింగు వాళ్ళు తాడు అవతల జేబుల్లో చేతులు పెట్టుకుని ఉన్నారు. స్లాబు మీద ఇంకో పురుగు లేదు. తన చేతులు తన వీపు వెనకే ఉన్నాయి, గోళ్ళు అరచేతుల్లో దిగుతున్నాయి. కట్ట మాత్రం రోజూలాగే నిదానంగా పైకి పోతోంది. స్లాబు ఎత్తు దాటింది. రోజూ తను రెండు చేతులూ చాపే చోట టక్కున ఆగింది. రోజూ తను కింద జనాన్ని తోలడానికి ఎంతసేపు తీసుకుంటుందో అంతసేపు గాల్లో నిలబడింది. తర్వాత మెల్లగా పక్కకి జరగడం మొదలుపెట్టింది.

అన్నయ్య తనని చూడటం లేదు. ఇవాళే కాదు, ఎన్నాళ్ళనుంచో చూడటం లేదు. నిన్న కళ్ళు మండిపోతున్నా రెప్ప వెయ్యకుండా రెండేసిసార్లు చేసిన సైగలు ఎవరి కోసం చేసింది? అలవాటు కొద్దీ ఎత్తుతున్నాడు, అలవాటు కొద్దీ ఆపుతున్నాడు, అంచనా మీద దించుతున్నాడు. ఇన్ని కుర్తాలు, ఇన్ని చారలు, నిలువువీ అడ్డంవీ, అన్నీ గుడ్డివాడి ముందు పెట్టిన దీపాలు. మొన్న ఆ మూలకి దిగిన కట్టకి ఎవరి చెయ్యీ కారణం కాదు. ఒక్క అంచనా తప్పింది, అంతే.

వాకీటాకీ నోటి దగ్గరికి తెచ్చింది. "ఆపు అన్నయ్యా."

కట్ట ఆగింది. "ఏమైంది? బాగానే వస్తోందిగా" అంది పైగొంతు.

"ఎందుకు కదిపావు?"

"ఎందుకేంటి? నువ్వు చెయ్యి ఊపావు, కదిపాను."

"చూశావా?"

"చూడకపోతే ఎలా కదుపుతానమ్మా?" చిన్నగా నవ్వాడు కూడా.

సైటులో ఉన్న ప్రతి వాకీటాకీలోనూ ఆ నవ్వు వినిపించింది. పందిరి కింద ఇంజనీరు తలెత్తాడు. ఇక్కడితో ఆపేస్తే ఇప్పటికీ ఎవరికీ ఏమీ తెలియదు. ఏదో తేడా వచ్చింది, మళ్ళీ ఎత్తు అంటే సరిపోతుంది. ఆమె బటను మళ్ళీ నొక్కింది.

"అన్నయ్యా, ఇవాళ నేనేం వేసుకున్నాను?"

సిమెంటు కలిపే మిషను వాడు ఎందుకో మిషను ఆపేశాడు.

"ఏముంది..." అంది చివరికి ఆ గొంతు. "అడ్డచారలదేగా. చక్కగా కనిపిస్తోందిలే."

సెంట్రింగు వాళ్ళు ఆమె బూడిదరంగు కుర్తా వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నారు. ఆమె పందిరి వైపు తిరిగింది. వాకీటాకీలోనే చెప్పింది, అందరికీ వినపడాలని. "ఆ అమ్మాయి చెయ్యి ఎత్తలేదు సార్. మొన్నా ఎత్తలేదు. మా అన్నయ్యకి చూపు పోతోందని నాకు తెలుసు. తెలిసే దాచాను." తర్వాత పైకి చూసి, "ఆ కట్ట అక్కడే దించెయ్ అన్నయ్యా, కింద ఎవరూ లేరు. నువ్వు కూడా దిగు" అంది.

కట్ట దిగింది. నేల మీద చెక్కలు సర్దుకున్న చప్పుడైంది. చాలాసేపటికి క్యాబిన్ తలుపు తెరుచుకుంది. కాలు ఒకటి బయటికి వచ్చి, మెట్టు కోసం గాల్లో వెతికి, దొరికాక ఆనింది. తర్వాత రెండోది. సైటంతా పనులు మానేసి ఆ కాళ్ళకేసే చూస్తోంది. ఆమె స్లాబు దిగి వచ్చి నిచ్చెన మొదట్లో రెండు చేతులూ చాపి నిలబడింది, పడితే పట్టుకోగలదా అన్న ఆలోచన కూడా లేకుండా. తిడతాడు. కొడతాడేమో కూడా. కొట్టినా సరే, దిగితే చాలు.

ఆఖరి మెట్టు మీదనుంచి అతని పాదం నేల తాకింది. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. అతను నిచ్చెన వదల్లేదు. మొహం ఆమె వైపు తిప్పాడు కానీ, కళ్ళు ఆమె భుజం పక్కన ఎక్కడో ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు?"

"చాలా రోజులైంది."

"చాలా రోజులైందా..." అతని పెదాలు చిన్నపిల్లాడివిలా వంకర్లు పోయాయి. "రోజూ ఎక్కేముందు ఇక్కడ చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు కాసేపు ఆగేవాణ్ణి. ఇవాళైనా ఎవరో ఒకరు, వద్దు, ఎక్కకు అంటారేమోనని. పైన కూర్చుని ఎంత భయపడి చచ్చానో నీకేం తెలుసు? తెలిసినదానివి, ఒక్కరోజైనా నన్ను ఎందుకు ఆపలేదే?"